నంబరు మారదని చెప్పాను

ఉదయం పది గంటల నలభై రెండు నిమిషాలకు నేను కుర్చీలోంచి లేచి టీ తాగడానికి మెట్లు దిగాను. మంగళవారం. నిమిషంతో సహా ఎలా చెప్పగలనంటే, కింద తలుపు దగ్గర వేలిముద్ర మిషను ఉండేది. అది రాసుకుంది. తరవాత నేను తీసి చూశాను. ఒకసారి కాదు.

టీకి వెళ్ళడం తప్పు కాదు. రోజూ వెళ్ళేవాణ్ణి. కానీ తొమ్మిదేళ్ళుగా నేను లోపల మోస్తున్న బరువు ఆ టీ దగ్గరే మొదలైంది. ఇంతవరకు దాన్ని ఒక్కరికే చెప్పాను. మీరు రెండో మనిషి. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. నాతో పనిచేసిన ఆమె పేరు కూడా ఇక్కడ అసలు పేరు కాదు. రూతు అనుకోండి. ఆమె అక్క పేరు ఎస్తేరు అనుకోండి. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. అందంగా రాయాలని లేదు. అందంగా రాస్తే నా మీద నాకే జాలి పుడుతుందని భయం.

అప్పట్లో నేను ఏలూరులో ఒక మేత కంపెనీలో పనిచేసేవాణ్ణి. చేపల చెరువులకూ రొయ్యల చెరువులకూ మేత అమ్మే కంపెనీ. మా మేత కొనే రైతులకు చెరువు నీళ్ళు ఉచితంగా పరీక్ష చేసి పెట్టేవాళ్ళం. కింద ల్యాబు, పైన ఆఫీసు. పై అంతస్తులో చివర, ఏసీ ఎప్పుడూ ఆడుతుండే చిన్న గదిలో సర్వరు, దాని పక్కన నేను. కంప్యూటర్లు, నెట్టు, మెయిళ్ళు నా పని. రూతు గారు ల్యాబులో చేసేవారు. సీసాల్లో వచ్చిన నీళ్ళు పరీక్ష చేసి, రిపోర్టు మేనేజరు గారికి మెయిల్ పెట్టడం ఆమె పని.

ల్యాబు వాళ్ళు రైతుతో నేరుగా మాట్లాడకూడదని కంపెనీలో రూలు. ఎప్పుడో ల్యాబు ఒకటి చెప్పి, చెరువుల మీద తిరిగే మా ఫీల్డు ఉద్యోగి ఇంకొకటి చెప్పి గొడవైందట. అప్పటినుంచి రిపోర్టు మేనేజరుకే వెళ్ళాలి. ఆయన ఫీల్డు వాళ్ళకి చెప్పాలి. వాళ్ళు చెరువు గట్టు మీదికి వెళ్ళి రైతుకి చెప్పాలి. రూతు గారికి ఈ పద్ధతి నచ్చేది కాదు.

"చేపకి ఒంట్లో బాగోకపోతే దరఖాస్తు పెట్టుకోవాలండీ మన దగ్గర. మూడు సంతకాలయ్యేదాకా చావకూడదు" అనేవారు.

అనేవారే గాని, ఆ పద్ధతిని ఎన్నడూ దాటలేదు.

మేనేజరు గారికి ఇన్‌బాక్సులో మెయిళ్ళు పేరుకుపోతే చిరాకు. అందుకని తన పాస్‌వర్డు నాకిచ్చారు. ఇవ్వకూడదు. ఇచ్చారు, నేను తీసుకున్నాను. రోజూ పొద్దున ఆయన చదివేసిన మెయిళ్ళను ఊరివారీగా ఫోల్డర్లలోకి సర్దాలి. పెదపాడు ఒకటి, అత్తిలి ఒకటి, అలా పదీ పన్నెండు ఉండేవి. చదవని వాటిని ముట్టుకోకూడదు. చదవనివి ముదురు అక్షరాల్లో కనబడతాయి, చదివినవి మామూలుగా కనబడతాయి. నాకు అదే గుర్తు.

ఆ మంగళవారం పది ముప్పై ఒకటికి రూతు గారి మెయిల్ వచ్చింది. అప్పటికి నేను సర్దుతున్నాను. పైన ఊరి పేరు కనబడలేదు. ఏ ఊరిదో చూద్దామని తెరిచాను. పెదపాడు అని ఉంది. అంతవరకే చూసి మూసేశాను. నేను తెరిచాను కాబట్టి సర్వరు లెక్కలో అది చదివిన మెయిల్ అయిపోయింది. తిరిగి చదవనిదిగా గుర్తు పెట్టాలి. పెట్టేవాణ్ణే. టీకి పిలిచారు. వెళ్ళాను. వచ్చి కూర్చుని, చదివినట్టు కనబడుతున్న వాటన్నిటినీ ఎంచి ఎక్కడివక్కడ సర్దేశాను. ఆ మెయిల్ పెదపాడు ఫోల్డర్లోకి వెళ్ళిపోయింది. మేనేజరు గారు దాన్ని చూడనేలేదు. ఆయన ఫోల్డర్లు తెరిచే మనిషి కాదు.

ఇది పొరపాటు. దీన్ని నేను ఇప్పటికీ పొరపాటు అనే అంటాను. నేను ఒప్పుకోవలసింది దీని తరవాతది.

శుక్రవారం పొద్దున పెదపాడు నుంచి ఒక రైతు ఫోను చేశాడు. కౌలు చెరువు ఆయనది. బొచ్చెలు, శీలావతులు పెంచేవాడు. బుధవారం నుంచి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే, అలాంటప్పుడు ఎవరైనా చేసే పనే ఆయనా చేశాడు. గురువారం సున్నం చల్లాడు. తెల్లారేసరికి చెరువంతా చేపలు చచ్చి తేలిపోయాయి. నీళ్ళ సీసా సోమవారమే మీకు ఇచ్చానుగదా, ఒక్క మాట చెప్పలేదేమిటని అడిగాడు. కేకలు వెయ్యలేదట. అలా అడిగి పెట్టేశాడట.

మేనేజరు గారు ల్యాబుకి ఫోను చేశారు. రూతు గారు చేతికి గ్లవ్స్ తియ్యకుండానే పైకి వచ్చారు. మంగళవారమే మెయిల్ పెట్టానండీ అన్నారు. ఆయన ఇన్‌బాక్సు తెరిచారు. సేల్స్ వాళ్ళు ఇద్దరు ఆయన వెనకే నిలబడి ఉన్నారు. లేదు. ఇంకోసారి చూడండి అన్నారామె. ఇంకోసారి చూశారు.

"లేదమ్మా. నువ్వే చూడు."

మా గదికీ వాళ్ళకీ మధ్య అద్దం పార్టిషను. నాకు అంతా వినబడింది. వినబడగానే అర్థమైంది. పెదపాడు ఫోల్డరు తెరిచాను. ఉంది. అప్పుడు చదివాను మొదటిసారి. నాలుగే వాక్యాలు. చెరువు నీళ్ళలో అమ్మోనియా చాలా పెరిగింది. మేత వెంటనే ఆపించండి. కొత్త నీరు పెట్టించండి. ఈ పరిస్థితిలో సున్నం వేస్తే విషం ఇంకా పెరుగుతుంది, దయచేసి ఈ రోజే కబురు చెయ్యండి.

లేచి తలుపు తీసి, నా పొరపాటండీ అనాలి. అంతే. ఆ పూట చీవాట్లు పడేవి. ఉద్యోగం పోయేదా? పోయేదేమో. పాస్‌వర్డు సంగతి బయటపడేది కాబట్టి మేనేజరు గారికీ మాట వచ్చేది. ఇవన్నీ ఆలోచించి నేను ఆగిపోయానా అంటే, అంత ఆలోచించినట్టు కూడా లేదు. చెయ్యి ముందు కదిలింది. ఆ మెయిల్‌ని పెదపాడు ఫోల్డర్లోంచి తీసి మళ్ళీ ఇన్‌బాక్సులో పెట్టాను. చదవనిదిగా గుర్తు మార్చాను.

ఏమనుకుని చేశాను? మధ్యాహ్నం ఆయన నిదానంగా చూసుకుంటే కనబడుతుంది, అయ్యో నా కంటికే ఆనలేదు అనుకుంటారు, అక్కడితో సరిపోతుంది అనుకున్నాను. అంటే నా తప్పుని ఆయన కళ్ళ మీదికి తొయ్యాలనుకున్నాను. ఆమె మీదికి పోతుందని నాకు తట్టలేదు. తట్టి ఉంటే చేసేవాణ్ణి కాదని రాయాలని ఉంది. రాయలేను. తరవాతి బుధవారం నేనేం చేశానో నాకు తెలుసు కదా.

మధ్యాహ్నం ఆయనకి మెయిల్ కనబడింది. కానీ పొద్దున ఇద్దరు సాక్షుల ఎదుట రెండుసార్లు వెతికిన చోట అది లేదు. ఇప్పుడుంది. మంగళవారం తేదీతో ఉంది. ఆయన ఏమనుకోవాలి? చేపలు చచ్చాక, కంగారులో, పాత తేదీ వేసి ఇప్పుడు పంపిందనుకున్నారు. అలా అనుకోడానికి ఇంకో కారణం కూడా ఉంది. ల్యాబు కంప్యూటర్లో చిన్న బ్యాటరీ చచ్చిపోయి చాలా రోజులైంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాని తేదీ ఎక్కడికో వెనక్కి పోయేది. రూతు గారు రోజూ పొద్దున చేత్తో తేదీ సరిచేసుకుని పని మొదలుపెట్టేవారు. ఆ సంగతి ఆఫీసంతా తెలుసు. బ్యాటరీ మార్చమని ఆమె నాకు రెండుసార్లు చెప్పారు. తెప్పిస్తానన్నాను.

ఇక్కడ మెయిళ్ళ నంబర్ల గురించి కొంచెం చెప్పాలి. ఇది తెలియకపోతే నేను చేసింది మీకు పూర్తిగా తెలియదు.

సర్వరులో ప్రతి ఫోల్డరుకీ సొంత వరస ఉంటుంది. ఆ ఫోల్డర్లోకి ఏ మెయిల్ చేరినా దానికి తరవాతి నంబరు పడుతుంది. వరస పెరుగుతుందే గాని వెనక్కి రాదు. ఒక మెయిల్‌ని అక్కణ్ణించి తీసి ఇంకో ఫోల్డర్లో పెడితే, పాత నంబరు అక్కడితో సరి. ఇంకే మెయిల్‌కీ దాన్ని ఇవ్వరు. కొత్త చోట, ఆ చోటి వరసలో చివరి నంబరు వస్తుంది. తిరిగి మొదటి చోటికే తెచ్చినా పాత నంబరు దక్కదు. అక్కడా చివర్నే నిలబడాలి. కాబట్టి ఇన్‌బాక్సులో ఒక మెయిల్ నంబరు చూసి, అది ఎప్పుడు వచ్చిందో చెప్పలేం. ఆ చోట చివరిసారి ఎప్పుడు పెట్టారో మాత్రమే చెప్పగలం.

దీన్ని రూతు గారికి నేనే చెప్పాను. ఈ గొడవకి కొన్ని నెలల ముందు. ఆమెకీ నాకూ స్నేహం పుస్తకాల మీద. లైబ్రరీ నుంచి తెచ్చినవి ఇద్దరం మార్చుకునేవాళ్ళం. ఎక్కువ మాట్లాడే మనుషులం కాదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒక పావుగంట. ఆ రోజు తన మెయిళ్ళ నంబర్లలో ఖాళీలు ఎందుకున్నాయని అడిగారు. చెప్పాను. ఆమె విని నవ్వారు.

"మా సంఘం రిజిస్టరు కూడా ఇంతేనండీ. మా మేనత్త పెళ్ళయి అత్తిలి సంఘానికి వెళ్ళింది. మొగుడితో పడక ఏడాదికే తిరిగొచ్చింది. పాత నంబరు ఇమ్మని పాస్టరు గారితో ఒకటే పోట్లాట. 'పుట్టినప్పటినుంచి నాదే కదయ్యా ఆ నంబరు' అని. ఇవ్వలేదు. చివర రాశారు, నిన్న గాక మొన్న బాప్తిస్మం పుచ్చుకున్న వాళ్ళ కింద."

ఆ మాటకి ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. నాకన్నా బాగా చెప్పారనుకున్నాను. ఆ తరవాత కొత్తగా చేరిన వాళ్ళకి నేను ఆ మేనత్త కథే చెప్పేవాణ్ణి.

అంటే ఆమెకి తెలుసు. నాకు తెలుసని కూడా ఆమెకి తెలుసు.

తరవాతి బుధవారం హెడ్డాఫీసు నుంచి పెద్దాయన ఒకరు వచ్చారు. మీటింగు గదిలో ఆయన, మా మేనేజరు గారు, రూతు గారు. కొంతసేపటికి అటెండరు వచ్చి నన్ను పిలిచాడు. అతను నవ్వుతున్నాడు.

"రండి సార్. లోపల మీకు మహా పేరొచ్చేసింది. మేడమ్ గారు 'ఆయన్ని అడగండి, ఆయన అబద్ధం చెప్పరు' అన్నారు. దానికి పెద్ద సార్ 'మన కంపెనీలో అలాంటివాడు ఒకడున్నాడా, పిలవండి చూద్దాం' అన్నారు."

వెళ్ళాను. కూర్చోమన్నారు. మేనేజరు గారి ఇన్‌బాక్సు తెర మీద తెరిచి ఉంది. పెద్దాయనకి కంప్యూటర్ల సంగతి కొంత తెలుసు. నంబర్ల వరస కనబడేలా పెట్టుకున్నారు. రూతు గారు టేబులుకి అవతలి వైపు, పెన్ను పట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి, అమ్మయ్య వచ్చారు అన్నట్టు కొంచెం వెనక్కి ఆనుకున్నారు.

"ఈ నంబరు ఎవరు వేస్తారు?" అన్నారు పెద్దాయన.

"సర్వరు వేస్తుందండీ."

"మనం మార్చగలమా?"

"మార్చలేమండీ."

ఇది నిజమే.

"ఈవిడ మెయిల్ నాలుగువేల రెండొందల ముప్పై తొమ్మిది. గురువారం సాయంత్రం వచ్చినదాని నంబరు నాలుగువేల రెండొందల ముప్పై ఒకటి. అంటే ఈవిడది దాని తరవాత వచ్చినట్టేగా?"

నేను తెర మీద ఆ నంబరునే చూస్తున్నాను. అప్పుడు రూతు గారు నా వైపు తిరిగారు. గొంతు పెంచలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఏదో సందేహం అడిగినట్టే అడిగారు.

"ఏవండీ, ఎవరైనా దాన్ని వేరే ఫోల్డర్లో పెట్టి, మళ్ళీ ఇక్కడికి తెస్తే నంబరు మారదా అండీ?"

మేనేజరు గారు టేబులు మీద తన ఫోనుని సరిగ్గా అంచుకి సర్దుకుంటున్నారు. తల ఎత్తలేదు. ఆయన ఫోల్డర్లు ఎవరు సర్దుతారో ఆ గదిలో ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. పెద్దాయన నన్ను చూశారు.

"మారుతుందా?"

"మారదండీ" అన్నాను.

అంతే. ఒక్క మాట. దాని ముందు ఒక అరక్షణం ఉంది. ఆ అరక్షణంలోకి నేను తొమ్మిదేళ్ళుగా వెళ్ళి వస్తున్నాను. అక్కడ నన్నెవరూ బెదిరించలేదు. మేనేజరు గారు ముందుగా నాకేం చెప్పలేదు, సైగ చెయ్యలేదు. ఆ అబద్ధం పూర్తిగా నాది.

రూతు గారు నన్ను ఒకసారి చూశారు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఆమె ముఖంలో కనబడింది, నేను సరిగ్గా విన్నానా అన్న సందేహం. తరవాత ఆ సందేహం పోయింది. పోవడం నేను చూశాను. పెన్ను క్యాపు పెట్టేశారు. ఇంకేమీ అనలేదు. మీరే కదా నాకు చెప్పారు అని ఒక్క మాట అని ఉంటే పెద్దాయన ఇంకో నాలుగు ప్రశ్నలు వేసేవారు. నేను అక్కడే పట్టుబడేవాణ్ణి. ఎందుకు అనలేదు? నా సాక్ష్యం కావాలని అడిగింది తనే. తాను పిలిపించిన మనిషిని తానే అబద్ధాలకోరని నిరూపించడం ఆమెకి చేతకాలేదా? నేనే సరిదిద్దుకుంటానని ఎదురుచూశారా? గదిలో నేను ఇంకా పది నిమిషాలున్నాను. పది నిమిషాలు టైమిచ్చారు నాకు.

ఇంకొకటి కూడా రాయాలి. ప్రతి మెయిల్ లోపలా మామూలుగా కనబడని వరసలు కొన్ని ఉంటాయి. సర్వరు ఆ మెయిల్‌ని అందుకున్న రోజు, గంట, నిమిషం తన గడియారం ప్రకారం అందులో రాస్తుంది. ల్యాబు కంప్యూటరు తేదీతో దానికి సంబంధం లేదు. ఎన్ని ఫోల్డర్లు తిప్పినా ఆ వరసలు మారవు. ఆ మెయిల్లో మంగళవారం, పది ముప్పై ఒకటి అని ఉంది. తెరిచి చూపించడానికి రెండు నొక్కులు చాలు. వాళ్ళు అడగలేదు, నేను చూపించలేదు. ఆ సాయంత్రం ఒక్కణ్ణీ దాన్ని కాగితం మీద ప్రింటు తీసుకుని మడిచి ఇంటికి తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చుకున్నాను? ఎప్పటికైనా చెప్పాలనా? లేక చెప్పగలిగీ చెప్పడం లేదని నాకు నేను గుర్తు చేసుకోడానికా?

ఆమె చేత రాజీనామా రాయించుకున్నారు. మేనేజరు గారు ఆ తరవాత ఒకరోజు నా గదికి వచ్చి, తలుపు వేసి, "ఆవిడకి వేరే చోట నేను చెప్పి పెట్టిస్తాను లెండి, మీరు మనసులో పెట్టుకోకండి" అన్నారు. నేను నమ్మాను. నమ్మడం నాకు అవసరం. ఏడాది తరవాత తెలిసింది. భీమవరంలో ఒక ల్యాబు వాళ్ళు ఆమె గురించి అడిగితే, ఆయనే "పని వచ్చు గానీ తేదీలు మార్చే మనిషండీ" అన్నారట. అది విన్న రోజు నేను మోసపోయాననుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. తరవాత, నాకు అలా కోపపడే హక్కుందా అని నన్ను నేనే అడిగాను. లేదు. కానీ కోపం హక్కు చూసుకుని రాదు. ఆ నెలే ఆ ఉద్యోగం మానేశాను. నిజం చెప్పి మానలేదు. ఊరికే మానేశాను.

ఆ రైతు కౌలు వదులుకున్నాడని విన్నాను. కొల్లేరు పక్క ఎవరిదో చెరువు గట్టు మీద కాపలాకి కుదిరాడట. ఆయన దగ్గరికి నేను ఇంకా వెళ్ళలేదు. వెళ్ళాలి. ఇది రాస్తున్న ఈ రోజుకి కూడా వెళ్ళలేదు.

రూతు గారు తాడేపల్లిగూడెంలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోయారు. అక్కడొక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేవారు. ఇంకే ల్యాబూ ఆమెని తీసుకోలేదు. మధ్యలో ఒకే ఒక్కసారి కనబడ్డారు, గూడెం స్టేషన్లో. నేను తప్పుకోబోయాను. ఆమే వచ్చి పలకరించారు. "బాగున్నారా అండీ? ఏం చదువుతున్నారు ఈ మధ్య?" అని అడిగారు. ఏదో చెప్పాను. బండి వచ్చేదాకా పుస్తకాల గురించే మాట్లాడారు. ఆ విషయం ఎత్తలేదు. ఆ మర్యాద నాకు తిట్టుకన్నా బరువైంది. బండెక్కాక అనుకున్నాను, ఇంకోసారి కనబడితే చెప్పేస్తానని. ఏం చెప్తాను? ఆమెకి తెలియనిది అందులో ఏముంది?

ఇంకోసారి కనబడలేదు. పోయినేడు వానాకాలంలో జబ్బుచేసి పోయారు. వాళ్ళ అక్క ఎస్తేరు గారు నాకు ఫోను చేశారు. నా నంబరు రూతు గారి ఫోన్లో ఉందట, ఇన్నాళ్ళూ.

భూస్థాపనకి వెళ్ళాను. వెనక నిలబడదామనుకున్నాను. ఎస్తేరు గారు రిటైరైన టీచరు, గుంపులో మనిషిని వెతికి పట్టుకోవడం అలవాటు. నా చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకెళ్ళి పాస్టరు గారికి చూపించారు.

"ఆ కంపెనీలో మా రూతు తరఫున నిజం చెప్పింది ఈయనొక్కడేనండీ. చెప్పినా వాళ్ళు వినలేదట. అదే నాతో చెప్పింది."

నేను ఆమె చెయ్యి విడిపించుకోలేదు. అవునని అనలేదు, కాదని అనలేదు. పాస్టరు గారు నా భుజం తట్టారు.

రూతు గారు అక్కతో అలా ఎందుకు చెప్పారు? నన్ను కాపాడటానికి అనుకోవడం నాకు తేలిక. నాకది నిజం అనిపించదు. స్నేహితుడే ముంచాడని ఇంట్లో చెప్పుకోవడం కన్నా, ఎవరూ నమ్మలేదని చెప్పుకోవడం కొంచెం తక్కువ నొప్పి అయి ఉంటుంది. లేదా ఆ గదిలో నేను చెప్పవలసింది ఏదో, దాన్ని ఆమె అక్కతో నా బదులు చెప్పేసుకున్నారు. నాకు తెలియదు. అడగడానికి మనిషి లేదు.

అప్పటినుంచి ఎస్తేరు గారు ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే నాకు ఫోను చేసేవారు. ఆవిడకి ఇంకెవరూ లేరు. నన్ను తమ్ముణ్ణి చేసేసుకున్నారు.

"తమ్ముడూ, తిన్నావా? ఇవాళ ప్రసంగం గంటన్నర. దేవుడు ఆరు రోజుల్లో లోకం చేశాడా, దాన్ని వివరించడానికి ఈయనకి ఏడో రోజు కూడా చాలట్లేదు."

నవ్వేవాణ్ణి. పెట్టేశాక కూర్చుండిపోయేవాణ్ణి. ప్రతి ఆదివారం ఆ అబద్ధాన్ని మళ్ళీ కొత్తగా చెప్తున్నట్టుండేది. నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఆవిడ రూతు గారి పుస్తకాలన్నీ నాకిచ్చేస్తానన్నారు. అది చదివినవన్నీ చదివినవాడివి నువ్వే కదా, నీ దగ్గరుంటేనే దానికి తృప్తి అన్నారు. అది నేను తీసుకోలేను. మర్నాడు సెలవు పెట్టి, మడిచి దాచిన కాగితం జేబులో పెట్టుకుని, గూడెం బస్సెక్కాను.

చెప్పాను. ఇక్కడ రాసిన వరసలోనే చెప్పాను. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు. నేను కాగితం ఇస్తే కళ్ళజోడు పెట్టుకుని, వేలు కింద పెట్టి వరస వరసా చదివారు.

"ఇది మంగళవారమేనా?"

"మంగళవారమేనండీ."

"పది ముప్పై ఒకటి."

"అవునండీ."

కాగితం మీదే చూస్తూ అన్నారు. "అయితే మా రూతు చెప్పింది నిజమే." వేలు ఆ వరస మీదే ఉంచి, "నేనూ ఒక్కోసారి అనుకున్నాను. రూతే కంగారులో తేదీ మార్చేసిందేమో, నా దగ్గర కూడా దాస్తోందేమో అని. ఒక్కోసారి మాటల్లో తెలిసిపోయి ఉంటుంది దానికి" అన్నారు.

ఇది నేను ఊహించలేదు. ఆమె ఉద్యోగం పోయిందని తెలుసు. పేరు పోయిందని తెలుసు. అన్నం పెట్టిన ఇంట్లో కూడా, తోడబుట్టిన మనిషి పక్కన కూడా, ఆ నింద కూర్చుని ఉందని తెలియదు. ఎనిమిదేళ్ళు.

"మీరు అబద్ధం చెప్పారని దానికి తెలుసా?"

తమ్ముడూ అనలేదు.

"తెలుసండీ. నంబరు మారుతుందని ఆమెకి చెప్పింది నేనే."

ఆవిడ కళ్ళజోడు తీసి కాగితం మీద పెట్టారు. తిట్టలేదు. ఏడవలేదు. నేను క్షమించమని అడగలేదు. అడగడానికే వచ్చానేమో, అక్కడికి వెళ్ళాక అది అడిగే మాట కాదని తెలిసింది. ఆవిడ లేచి వెళ్ళి, మంచినీళ్ళు తెచ్చి నా ముందు పెట్టారు. నేను తాగేదాకా నిలబడ్డారు.

"ఏలూరు బస్సుకి వేళవుతోందండీ మీకు" అన్నారు.

కాగితం ఆవిడ దగ్గరే ఉంది. పాత కంపెనీకి కూడా ఇదంతా రాసి, సంతకం పెట్టి పంపాను. జవాబు రాలేదు. ఎవరైనా చదివారని కూడా అనుకోను. ఆ సర్వరు తీసేసి ఉంటారు. ఆ మేనేజరు గారు అక్కడ ఉన్నారో లేదో తెలియదు. ఇప్పుడు మీకు రాశాను. రాస్తుంటే ఆ బరువు కొంచెం తగ్గింది. అది నాకు న్యాయంగా దక్కవలసిందేనా అంటే, కాదేమో. దక్కింది కాబట్టి దక్కిందని చెబుతున్నాను. ఇన్నాళ్ళూ అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పే మనిషిగా బతికాను. ఇది ఎవరూ అడగకుండా చెప్పింది.

ఎస్తేరు గారు ఆదివారాలు నాకు ఫోను చెయ్యడం లేదు.